ఫ్రీదా ఆపిన గంట

ఫ్రుతియార్ అనే ఊళ్ళో సరస్సు ఒడ్డున ఎల్ఫ్రీదా వింక్లర్ నడిపే కాఫీ ఇంటికి మధ్యాహ్నం పన్నెండుకల్లా బస్సు వచ్చేసింది. పొద్దున ప్వెర్తో మోంత్ రేవులో ఓడ దిగి, ఒకప్పుడు జర్మన్లు వలసొచ్చి కట్టుకున్న ఊళ్ళు చూడ్డానికి బయల్దేరిన నలభైమంది, చెక్క పెంకుల ఇళ్ళకు ఫొటోలు తీసి తీసి అలిసిపోయి, వచ్చీ రాగానే కేకుల మీద పడ్డారు. ఆకలి మీదున్నవాళ్ళకు ఎవరి చరిత్రయినా ఒకటే.

"అత్తా, ముర్తా పళ్ళ కేకు ఇంకో పళ్ళెం! ఓడలో వీళ్ళకి తిండి పెట్టట్లేదనుకుంటా," అన్నాడు గైడు నెల్సన్ బర్రియా. చుట్టరికం ఏమీ లేదు. నడివయసు దాటిన ప్రతి ఆడమనిషీ అతనికి అత్తే.

ఎల్ఫ్రీదా వినిపించుకోలేదు. కిటికీలోంచి సరస్సు వైపు చూస్తోంది. అవతలి ఒడ్డున అగ్నిపర్వతం కనబడ్డం లేదు. పొగమంచు... తెల్లగా, నీళ్ళ మీద పాకుతూ ఇటే వస్తోంది. చేతిలో కేకు కోసే కత్తి కింద పడేసి ఆమె చెక్కరేవు మీదికి పరిగెత్తింది.

ఆ సరస్సు ఊళ్ళలో ఒక కట్టుబాటుంది. పడవ నీళ్ళ మీదుండగా పొగమంచు కమ్మితే, ఆ ఇంటివాళ్ళు రేవు చివరి గంట కొడుతూనే ఉండాలి. పడవ ఒడ్డు చేరేదాకా ఆపకూడదు. నాలుగేళ్ళ కిందట ఆమె భర్త ఆర్నోల్దో నీళ్ళ మీదుండగా పొగమంచు కమ్మినప్పుడు ఇలాగే ఒక బస్సొచ్చింది. కాఫీలు పోసొద్దామని గంట ఆపింది. పదంటే పదే నిమిషాలు. పడవ దొరికింది, మనిషి దొరకలేదు. ఆ పది నిమిషాలు అప్పట్నుంచీ ఆమెను కాల్చుకు తింటున్నాయి.

టంగ్... టంగ్...

నెల్సన్ వెనకే వచ్చాడు. "నీళ్ళ మీద ఎవరూ లేరత్తా. ఎవరికోసం కొడుతున్నావు?"

"నోరు మూసుకుని విను."

తడిసిన కట్టె వాసన. పక్కనున్న నెల్సన్ కూడా మసకమసగ్గా కనిపిస్తున్నాడు. అప్పుడు వినబడింది... తెడ్ల చప్పుడు. తపక్... తపక్... గంట మోగిన కొద్దీ దగ్గరవుతోంది.

"ఫ్రీదా..." బొంగురు గొంతు. "ఎటు?"

ఆ పేరుతో పిలిచే మనిషి ఒక్కడే. ఆమెకు దుఃఖం తన్నుకొచ్చింది.

"ఇటు! ఇటే రా ఆర్నోల్దో..."

భయం వెయ్యలేదా అంటే, వేసింది. చచ్చిపోయినవాణ్ణి పిలుస్తున్నానని ఆమెకు తెలుసు. తెలిసే కొట్టింది. ఈసారి అతన్ని ఒడ్డుకు చేర్చాలి, అంతే.

తెడ్లు ఆగాయి. ఏదో చెక్కకు తగిలింది. రేవు కదిలింది.

నెల్సన్ మొహంలో నెత్తురు చుక్క లేదు. "వద్దత్తా... వద్దు..." అని గొణుగుతూ గంట నాలుకను రెండు చేతులా పట్టేశాడు.

గంట ఆగిపోయింది.

"వదల్రా! ఒరేయ్... వదులు..." అంటూ ఎల్ఫ్రీదా అతని చేతులు పీకింది.

మూరెడు దూరంలో, పొగమంచులోంచి ఆ గొంతు. అందులో కోపం లేదు. బాగా అలిసిపోయి ఉంది.

"మళ్ళీ ఆపేశావా... ఫ్రీదా?"

"నేను కాదు!" అని అరిచింది. "నేను కాదయ్యా..."

నెల్సన్ వెనక్కి చూడకుండా బస్సు దగ్గరికి పరిగెత్తాడు. కాసేపటికి పొగమంచు విడిపోయి ఎండ వచ్చింది. సరస్సు ఖాళీగా, నిలకడగా ఉంది. ఎల్ఫ్రీదా చెక్క మీద కూలబడి వెక్కి వెక్కి ఏడ్చింది. ఇంకొక్క దెబ్బ... ఇంకొక్కటి కొట్టుంటే చాలేది.

లేవబోతూ పడవలు కట్టే గుంజ పట్టుకుంది. చేతికి తడి తగిలింది.

గుంజకు ఒక తాడు చుట్టి ఉంది. ముడి సగమే పడింది. రెండో కొస నిటారుగా నీళ్ళలోకి దిగి ఉంది. ఎల్ఫ్రీదా దాన్ని పట్టుకుని లాగింది.

కిందనుంచి ఎవరో... మెల్లగా... రెండుసార్లు లాగారు.