చెన్సా ఆంటీ ఫండు

వాన పడుతోందని ఎర్ర క్లబ్బు వాళ్ళు గొడుగు తెరిచారంటే, పడటం లేదని నిరూపించడానికి నీలం క్లబ్బు వాళ్ళు తడిసి ముద్దవుతారు. మాల్టాలో ఆ ఊరి సంగతి అది. ఊరు చిన్నది, చర్చి ఒక్కటే, బ్యాండు క్లబ్బులు మాత్రం రెండు. తిరునాళ్ళలో ఎవరి ట్రంపెట్లు గట్టిగా మోగాయి, ఎవరి బాణసంచా ఎత్తుకెగిరింది అన్న పంచాయితీ ఏడాది పొడుగునా తెగదు. ఒకరు ఎడ్డెమంటే ఇంకొకరు తెడ్డెం.

అలాంటి ఊళ్ళో, రెండు క్లబ్బుల జెండాలకూ జరీపని చేసిన చెన్సా ఆంటీ పోతూ పోతూ ఒక చిలిపి పని చేసింది. తన మ్యూచువల్ ఫండుని రెండు క్లబ్బులకీ ఉమ్మడిగా రాసేసింది. ఇంకా కొనాలన్నా, ఉన్నది ఉంచాలన్నా, అమ్మి పంచుకోవాలన్నా ఇద్దరూ ఒప్పుకుని సంతకం పెట్టాలి. ఒకరు కాదంటే ఒక్క సెంటు కదలదు. బతికుండగా వాళ్ళని ఒక బల్ల దగ్గర కూర్చోబెట్టలేకపోయింది, పోయాకైనా కూర్చోబెడదామనుకుంది కాబోలు.

ఎర్ర క్లబ్బు తరఫున విస్టిన్‌ని పంపారు. హైస్కూల్లో లెక్కల మాస్టారు, బ్యాండులో క్లారినెట్, పైగా క్లబ్బు ప్రెసిడెంట్ సావేర్ గారి కొడుకు. నీలం క్లబ్బు రొమీనాని పంపింది. ఆమె నగరంలో ఫండ్ల లెక్కలు చూసే ఆఫీసులో పనిచేస్తుంది. సాయంత్రాలు నీలం క్లబ్బులో పిల్లల బ్యాండుకి పాఠాలు చెబుతుంది.

ఇద్దరూ కలవడానికి ఏ రంగూ లేని చోటు కావాలి కదా. బస్టాపు పక్కన జూజా పిన్ని టీ కొట్టు దొరికింది. జూజా పక్కూరి మనిషి, ఈ ఊరి పౌరుషాలతో ఆమెకి పని లేదు.

విస్టిన్ వానలో తడుచుకుంటూ ఆలస్యంగా వచ్చాడు.

"మీరేనా నీలం క్లబ్బు?"

"కాదు, పసుపు," అంది రొమీనా. "కూర్చోండి."

కూర్చుంటూనే అతను చీజ్ కూరిన పస్తీత్సీ పఫ్‌లు వేడివేడిగా ఉన్న ప్లేటు తెచ్చి ఆమె ముందున్న కాగితాల మీద పెట్టాడు. నూనె మరక మెల్లగా పాకింది.

"అది మన ఫండు ఐదేళ్ళ చార్టు."

"అయ్యో! గీత కిందికి పోతోందేంటి? ప్లేటు బరువుకా?"

"మీ ప్లేటు లేనప్పుడూ కిందికే పోయింది."

కౌంటరు వెనక జూజా పిన్ని కిసుక్కున నవ్వింది. విస్టిన్ చెవులు ఎర్రబడ్డాయి.

"అయితే అమ్మేయడమే నయమంటారా?"

"పడిందని అమ్మకూడదు మాస్టారూ. పెరిగిందని కొనకూడదు. తోటి ఫండ్లు ఎలా ఉన్నాయో చూడాలి. అవన్నీ పెరిగాయి, ఇదొక్కటే చతికిలబడింది. ఫీజు ఎంత తింటోందో చూడాలి. అది మాత్రం ఏటా మేనల్లుడిలా వచ్చి సుబ్బరంగా తిని పోతోంది. ఆఖరికి, డబ్బు మనకెప్పుడు కావాలి? ఈ వేసవికే కావాలి. మా పిల్లలకి ట్రంపెట్లు లేవు, మీ క్లబ్బు కప్పు కారుతోంది."

"మా కప్పు కారుతోందని మీకెవరు చెప్పారు?"

"మీ పెద్ద డోలుకి రెయిన్‌కోటు తొడిగారటగా. ఊరంతా చెప్పుకుంటున్నారు."

అమ్మేయాలన్నది లెక్కల మాస్టారికి అక్కడికక్కడే తేలిపోయింది. సంతకాలు పెడితే అయిపోయే పని. కానీ ఆమె టీ గ్లాసుని రెండు చేతుల మధ్య పట్టుకుని, ఊదుకుంటూ, ఏమంటారన్నట్టు కనుబొమ్మలు ఎగరేసింది. దాంతో మాస్టారికి రెండో లెక్క కూడా తేలింది. సంతకం పెట్టేస్తే ఈ అమ్మాయితో మళ్ళీ మాట్లాడే దారి ఈ ఊళ్ళో లేదు. ఎర్ర ప్రెసిడెంటు కొడుక్కి నీలం వీధిలో ఏం పని?

"ఉంచుదాం," అన్నాడు. "మార్కెట్ కోలుకోవచ్చు. వచ్చే గురువారం మళ్ళీ చూద్దాం."

రొమీనా అతన్ని ఎగాదిగా చూసింది. "మీరు నిజంగానే లెక్కలు చెబుతారా?"

ఆ సాయంత్రం క్లబ్బులో సావేర్ గారు కొడుకుని అడిగారు. "నీలం వాళ్ళేమంటున్నారు?"

"అమ్ముదామంటున్నారు."

"అయితే అమ్మం!"

కమిటీ అంతా చప్పట్లు కొట్టింది. తండ్రి మాట జవదాటని కొడుకుగా విస్టిన్‌కి ఆ రోజు దక్కిన మంచిపేరు అంతకు ముందెన్నడూ దక్కలేదు.

గురువారాలు గడిచాయి. ఒకసారి బాండ్ల మీద అనుమానం, ఇంకోసారి ఫండు మేనేజరు మారాడేమోనన్న సందేహం, మరోసారి అసలు ఇంకొన్ని యూనిట్లు కొంటే ఎలా ఉంటుందన్న మహత్తరమైన ఆలోచన. రొమీనా ప్రతిదానికీ ఓపిగ్గా జవాబు చెప్పేది, చెబుతూనే ఏడిపించేది. మూడో వారానికి మీరు పోయి నువ్వు వచ్చింది.

"మునిగే పడవలోకి ఇంకో నలుగుర్ని ఎక్కిద్దామంటావు. స్కూల్లో పిల్లలకి కూడా ఇలాగే చెబుతావా?"

"స్కూల్లో ఎవరూ ఇన్ని ప్రశ్నలు వేయరు."

"వేస్తే తెలిసేది, వాళ్ళ మాస్టారి సరుకెంతో."

ఒక గురువారం బయల్దేరే వేళకి జోరున వాన. ఆమె దగ్గర నీలం గొడుగు ఉంది. అతని దగ్గర ఏమీ లేదు.

"రా, వంతెన దాకా దింపుతాను."

"నీలం గొడుగు కింద కనపడితే నాన్న నన్ను క్లబ్బులోంచి తీసేస్తాడు."

"సరే, అయితే తడువు."

రెండడుగులు వేసిందో లేదో, విస్టిన్ పరుగున వచ్చి గొడుగులో దూరాడు. పై బాల్కనీల్లో ముసలమ్మలు తెరలు పక్కకి జరిపారు. ఆమె భుజం అతని భుజానికి తగిలింది. ఇద్దరూ వంతెన దాకా వాన గురించే మాట్లాడుకున్నారు. ఫండు సంగతి ఇద్దరికీ గుర్తు రాలేదు.

ఆ పై గురువారం మాత్రం రొమీనా మొహంలో నవ్వు లేదు.

"నెలాఖరులోగా ట్రంపెట్లకి ఆర్డరివ్వకపోతే తిరునాళ్ళకి రావట. నిన్న పిల్లలకి చెప్పేశాను, ఈ ఏడు మీరు ఊరేగింపులో నడవరని. ఒక్కడు కూడా ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది." గ్లాసు పక్కకి నెట్టింది. "విస్టిన్, ఈసారి నవ్వులాట వద్దు. ఫండు ఉంచాలని నువ్వు నిజంగా అనుకుంటున్నావా?"

విస్టిన్ తల వంచి టీలో చెంచా తిప్పసాగాడు.

"అంటే మీ వాళ్ళ పంతం కోసమే. నువ్వు అందరిలాంటివాడివి కాదనుకున్నాను."

టీ తాగకుండానే లేచి వెళ్ళిపోయింది. గొడుగు కూడా తెరవలేదు.

జూజా పిన్ని బల్ల తుడవడానికి వచ్చి, అతన్ని కూడా తుడిచేసేలా చూసింది. "మొద్దబ్బాయ్, ఆ పిల్ల ప్రతివారం నీకంటే ముందొచ్చి కిటికీ దగ్గర కూర్చుంటుంది. నువ్వొచ్చేదాకా టీ కూడా అడగదు. చదువుకున్నవాడివి, ఆ మాత్రం తెలీదూ?"

విస్టిన్‌కి సిగ్గేసింది. ప్రేమించిన అమ్మాయి వారం వారం ఎదురుగా కనపడాలన్న ఆశతో ఆమె పిల్లల చేతుల్లోంచి ట్రంపెట్లు లాక్కున్నాడు. అక్కణ్ణించి తిన్నగా క్లబ్బుకి నడిచాడు.

కమిటీ అప్పుడే కూర్చుంది. కప్పు నుంచి బకెట్లోకి చుక్కలు పడుతున్నాయి.

"ఫండు అమ్మేయాలి," అన్నాడు నిలబడే.

సావేర్ గారు కళ్ళజోడు తీశారు. "నీలం వాళ్ళు మనసు మార్చుకున్నారా?"

"లేదు. వాళ్ళూ అమ్ముదామనే అంటున్నారు."

"అయితే అమ్మం!"

"నాన్నా, ఒక్క నిమిషం. ఉంచుదామని మొదట అన్నది నేను. ఉంచడానికి ఒక్క కారణం కూడా లేదు, మొదటి రోజే నాకు తెలుసు. అమ్మేస్తే రొమీనా మళ్ళీ కనపడదని భయపడ్డాను. అంతే. నా వల్ల మన కప్పు కారుతోంది, వాళ్ళ పిల్లలు ఇంట్లో కూర్చుంటున్నారు. తిట్టాలంటే నన్ను తిట్టండి. అమ్మడం మాత్రం ఆపకండి."

"ఏ రొమీనా?" అన్నారొకరు వెనక నుంచి.

"నీలం రొమీనా."

"ట్రాంబోన్ వాయించే పిల్లా?"

"ఆ పిల్లే."

సావేర్ గారి మొహం క్లబ్బు జెండా రంగుకి తిరిగింది. ఇక కురుక్షేత్రమే అనుకున్నారంతా. ఆయన మీసం దువ్వుకున్నారు, పక్కనున్న ట్రెజరర్ వైపు చూశారు, గొంతు సవరించుకున్నారు.

"అంటే, నీలం వాళ్ళ ట్రాంబోన్‌ని మనం తెచ్చుకుంటున్నామన్నమాట!"

ఎర్ర క్లబ్బు కప్పు ఎగిరిపోయేలా చప్పట్లు మోగాయి. అమ్మకం తీర్మానం ఏకగ్రీవంగా పాసయింది. అదే సమయానికి నాలుగు వీధులవతల నీలం క్లబ్బు వాళ్ళు కబురు విని, ఎర్ర ప్రెసిడెంటు కొడుకుని లాక్కున్నామని సీసాలు తెరుస్తున్నారు. ఆ ఊళ్ళో రెండు పక్షాలూ గెలిచిన రోజు అదొక్కటే.

మర్నాడు బ్యాంకులో రొమీనా ముందే వచ్చి కూర్చుంది. విస్టిన్ వచ్చి పక్కన నిలబడ్డాడు. ఆమె తలెత్తలేదు. కాగితం చదివి సంతకం పెట్టి పెన్ను అతనికి అందించింది. అతనూ పెట్టాడు. ట్రంపెట్లకి ఇంకా గడువుంది, కప్పుకి మేస్త్రీ దొరికాడు, గుమస్తా కాగితం తీసుకుని లోపలికి వెళ్ళిపోయాడు.

"క్షమించు," అన్నాడు విస్టిన్. "నిజం మొదటి రోజే చెప్పాల్సింది."

"ఊరంతటికీ చెప్పావు. నాకు మాత్రం ఇంకా చెప్పలేదు."

"నువ్వంటే నాకు ఇష్టం రొమీనా. ఫండు లేకపోయినా ఇష్టమే." గుక్క తిప్పుకున్నాడు. "కాకపోతే ఇవాళ్టితో నిన్ను కలవడానికి నాకు సాకు లేదు."

అప్పుడు తలెత్తింది. కళ్ళలో పాత చిలిపితనం తిరిగొచ్చింది.

"నువ్వు ఉంచుదామన్న మొదటి రోజే, ఎర్ర వాళ్ళు ఒప్పుకోలేదని మా వాళ్ళకి నేను ఫోనులో ఒక్క మాట చెబితే సరిపోయేది మాస్టారూ. అన్ని గురువారాలు ఆఫీసుకి పూట సెలవు పెట్టి, నగరం నుంచి వానలో బస్సెక్కి, నేనెందుకు వచ్చాననుకున్నావు?"

విస్టిన్‌కి ఆ లెక్క తేలడానికి కాస్త సమయం పట్టింది. తేలాక మొహమంతా నవ్వయింది.

"మరి వచ్చే గురువారం?"

"సాకు లేకుండా రా," అంది రొమీనా.