బేస్‌లో మోగిన రి

భోగాపురం తీరానికి నిఘా విభాగం ఏజెంట్ సూరయ్య శవం కొట్టుకొచ్చిన మర్నాడే, చీఫ్ జగన్నాధం చీపురుపల్లి రైల్వే స్టేషన్‌కి వచ్చాడు. అతను కూర్చున్న బెంచీ పక్కన ఒక మనిషి నిలబడి కోడ్ మాట అడిగాడు.

"ఎండుచేపలున్నాయా?"

"ముళ్ళు తీసినవే ఉన్నాయి. కూకో హరిబాబూ."

బ్రీఫింగ్ మొదలైంది.

"రేపు సాయంత్రం భోగాపురం రిసార్టులో జాజ్ పార్టీ. పియానో వాయించే విక్టర్, సూరయ్యని చంపిన విదేశీ ముఠా మనిషి. రాడార్ కోడ్స్ ఉన్న పెన్‌డ్రైవ్ ఒక అతిథి జేబులో ఉంటాది. ఎవడో తెలీదు. పాట చివర్న సిగ్నలొస్తే లేచి పడవెక్కుతాడు. రాకపోతే కదలడు. ఇంకో దారిన ఎప్పుడో పంపేస్తాడు, మనకి ఎప్పటికీ దొరకడు."

"సిగ్నల్ ఏటి?"

"పాటకి స ఇల్లనుకో. ఇంటికి చేరేముందు మామూలుగా ప మీద కార్డ్, అంటే కలిపి మోగే స్వరాల గుత్తి, వస్తాది. దాని బదులు చిన్న రి మీద కార్డ్ వేస్తే, దారి ఖాళీ అని."

"అలా మార్చేస్తే జనం కనిపెట్టరా?"

"రెండు కార్డులకీ గుండెకాయ ఒకటేరా. మ, ని. పియానో ఆ రెండే నొక్కుతాది. కింద బేస్ గిటార్ ఏది మీటితే కార్డ్ అదవుతాది."

"బేస్ ఎవరు?"

"భారతి."

భారతి హరిబాబు మేనమామ కూతురు. ఇద్దరూ విజయనగరంలో కలిసి సంగీతం నేర్చుకున్నారు. ఆమెకి అబ్బింది, ఇతనికి అబ్బలేదు. ఇప్పుడామె ముఠాలో మన డబుల్ ఏజెంట్. అసలు ఎవరి మనిషో జగన్నాధానికే నమ్మకం లేదు.

మర్నాడు సాయంత్రం హరిబాబు వెయిటర్ వేషంలో ట్రే పట్టుకుని నిలబడ్డాడు. భారతి జూకాలో మైకు, అతని చెవిలో రిసీవర్. ఎర్ర చీరలో ఆమె విక్టర్ వైపు చూసి నవ్వుతోంది. విక్టర్ అద్భుతంగా వాయిస్తున్నాడు. అదే హరిబాబుకి మంట. కళ్ళు విక్టర్ వేళ్ళ మీంచి కదలడం లేదు. ట్రేలో గ్లాసులు గలగలమన్నాయి.

విక్టర్ తలెత్తాడు. రిసీవర్‌లో అతని గొంతు వినిపించింది.

"ఆ ట్రేవాడు పోలీసు. చివర్న ప వెయ్యి."

"సరే డియర్," అంది భారతి.

డియర్! హరిబాబు ఒక్క క్షణం రాడార్ సంగతే మరిచిపోయాడు. ఆ తర్వాత తెలిసొచ్చింది. తన చూపే మిషన్‌ని ముంచేసింది. ఆమె ప మీటితే అంతా అయిపోయినట్టే.

విక్టర్ మ, ని నొక్కాడు. భారతి వేలు తీగ మీద జరిగింది.

రి!

ఆ మోత మెత్తగా జారి స మీద వాలింది. విక్టర్ మొహం పాలిపోయింది. అతని వేళ్ళు ఎక్కడుండాలో అక్కడే ఉన్నాయి, సరిదిద్దడానికేమీ లేదు. రొయ్యల వేపుడు తింటున్న భూముల బ్రోకరు మూతి తుడుచుకుని లేచి, ఒడ్డు వైపు నడిచాడు. అక్కడ జాలర్ల వేషంలో ఉన్న మనవాళ్ళు అతని మీద వలేశారు; జేబులో పెన్‌డ్రైవ్ దొరికింది.

విక్టర్ పిస్టల్ తీసేలోగా హరిబాబు ట్రే అతని మణికట్టు మీద పడింది. అవసరానికి మించి గట్టిగానే పడింది.

జీపులో హరిబాబు ఉండబట్టలేక అడిగాడు. "ఆడికేసి సూసి అంతలా నవ్వాలేటే?"

"ఆడు వాయిస్తే నవ్వొస్తాది బావా. నువ్వు వాయిస్తే ఏడుపొచ్చేది. అయినా నీ కళ్ళు కాస్త అదుపులో ఎట్టుకో. నేను రి మీటకపోతే కొంప ముంచేసేవోడివి."

మర్నాడు హరిబాబు పియానో నేర్చుకోడానికి నెల సెలవు పెట్టాడు. కారణం అన్నచోట రాశాడు: దేశ భద్రత.