వాకిట్లో నిలబడ్డవి

సుమయ్య చాయ్ గిన్నె పొయ్యి మీద పెట్టి, వెనక వాకిట్లో నీళ్ళు చల్లి అత్తగారి మంచం దగ్గరికి వచ్చింది. ఇల్లందులో ఏప్రిల్ ఎండ ఎనిమిదింటికే రేకుల మీద కాగుతోంది. ఇమాంబీకి పక్షవాతం వచ్చి నలభై రోజులైంది. ఖమ్మం దవాఖానాలో పన్నెండు రోజులుంచుకుని ఇంటికి పంపారు. కుడి చెయ్యి కదలదు, నోట మాట లేదు.

"అమ్మీ, ధూప్ ఆ గయా. పరదా వెయ్యనా?" అంది సుమయ్య అలవాటుగా, అని నాలుక కరుచుకుంది.

ఆ గయా కాదు, ఆ గయీ. ఉర్దూలో ఎండ ఆడది, నీళ్ళు మగవి. వేంసూరు పొలాల మధ్య తెలుగే మాట్లాడుతూ పెరిగిన సుమయ్యకు ఏ వస్తువు ఆడదో, ఏది మగదో ఇరవై రెండేళ్ళ కాపురంలోనూ పూర్తిగా పట్టుబడలేదు. తప్పు దొర్లితే చాలు, చుట్టాలున్నా సరే, ఇమాంబీ అక్కడికక్కడే దిద్దేది. ఆవిడ ఉర్దూలో మాత్రం పొల్లు కూడా తప్పేది కాదు. ఎవరో పరీక్ష పెడుతున్నట్టు ఆచితూచి మాట్లాడేది. ఆ నోరు మూతపడ్డ మొదటి రోజుల్లో సుమయ్యకు లోలోపల హాయిగా అనిపించిన మాట నిజం. తరవాత తరవాత ఆ నిశ్శబ్దమే దిగులు పుట్టించింది.

సుమయ్య పరదా లాగబోతుంటే వెనక నుంచి వినబడింది.

"ఏరు."

గిరుక్కున తిరిగింది. ఇమాంబీ పెదవులు కదులుతున్నాయి. చూపు వెనక తలుపు మీద ఉంది. మాట వచ్చినందుకు సంతోషించాల్సింది పోయి సుమయ్య రెండడుగులు వెనక్కి వేసింది. ఆ గొంతు డెబ్బై ఏళ్ళ ముసలమ్మది కాదు. సన్నగా, ఐదారేళ్ళ ఆడపిల్ల గొంతులా ఉంది.

"ఏరు... ఏరు..."

హమీద్ సబ్బు మొహంతోనే పరుగెత్తుకొచ్చాడు. పాత బస్టాండు దగ్గర పరుపుల దుకాణం అతనిది. తల్లి మాటంటే అతనికి దైవవాక్కు.

"ఏమంటుంది?"

"ఏరు అంటున్నరు. ఏటికి పోతనంటున్నరేమో."

వెనక తలుపు తీస్తే తుప్పలు, అవి దాటితే ఎండిన వాగు, ఆపైన అడవే. హమీద్ గబగబా పోయి తలుపుకు గడియ పెట్టాడు. గడియ చప్పుడు వినగానే ఇమాంబీ ఒళ్ళంతా వణికింది. ఎడమ చెయ్యెత్తి మూడు వేళ్ళు చూపించింది. ఆపైన ఎవరికీ అర్థం కాని మాటలు గుక్క తిప్పుకోకుండా అంది. అవి ఉర్దూ కాదు, తెలుగు కాదు.

హమీద్ మొహం పాలిపోయింది. "అమ్మీ కాదు మాట్లాడేది. అమ్మీల ఎవరో చేరిండ్రు" అన్నాడు మెల్లగా.

"డాక్టర్ సాబు చెప్పలేదా? మాటొస్తే ముందు చిన్ననాటి మాటే రావచ్చని..."

"చిన్నప్పటి సంది మా అమ్మీది ఉర్దూయే. మా నానీ మోతీబీ కడుపుల పుట్టిన మనిషి. నువ్వు ఊకో. నేను దయ్యాలిడిపించే ఆమిల్ సాబును అడిగొస్త."

అతను వెళ్ళిపోయాక సుమయ్య ఒక్కతే మిగిలింది. పాలు పట్టబోతే ఇమాంబీ మొహం తిప్పుకుంది. జావ ఇస్తే ఉమ్మేసింది. పదకొండయ్యేసరికి పెదవులు ఎండి చీలాయి. అయినా అదే మాట, అదే గొంతుతో. మూసిన తలుపు వైపు చూస్తూ, అక్కడ ఎవరో పొడుగ్గా ఒకరు, వాళ్ళకు అటూ ఇటూ పొట్టిగా ఇద్దరు నిలబడ్డట్టు, ఆ కళ్ళు మూడు చోట్ల ఆగి ఆగి కదులుతున్నాయి.

అప్పుడే ముందు వాకిట్లోంచి కేక వినిపించింది. "బీబమ్మా, ఇస్తరాకులు గావాల్నా?"

ముత్తక్క అడవిలోని కోయగూడెం నుంచి వారానికోసారి వచ్చి విస్తరాకులు, చీపుళ్ళు అమ్ముకుపోతుంది. సుమయ్య వద్దని చెప్పబోయింది. ముత్తక్క అప్పటికే గంప దించి చెవి ఒగ్గి వింటోంది.

"గా ముసలమ్మ నీళ్ళడుగుతాంటే ఇయ్యవేంది?"

"నీళ్ళా? ఏరు, ఏరు అంటున్నరు కదా!"

"అవ్. మా కోయ మాటల నీళ్ళను ఏరే అంటం."

సుమయ్య చెంబు అందుకుని ఉరికింది. ఇమాంబీ మూడు గ్లాసులు తాగింది. గడ్డం మీదుగా కారిపోతున్నా ఆపకుండా తాగింది. పొద్దుటి నుంచి దాహంతో అల్లాడిన మనిషికి గుక్కెడు నీళ్ళు ఇవ్వలేకపోయానే అని సుమయ్య తనను తాను తిట్టుకుంది.

"ముత్తక్కా, ఇంకేమంటున్నరో విను. మా అత్తమ్మకు ఈ మాటలెట్లొచ్చినయో నాకు తెల్వది."

ముత్తక్క మంచం పక్కన నేల మీద కూర్చుని చాలాసేపు వింది. వింటూ వింటూ ఒకసారి వెనక తలుపు వైపు చూసి కొంగు భుజాల మీదికి లాక్కుంది.

"అవి వచ్చినయంట. మూడున్నయంట. తలుపు కాడ నిలవడ్డయంట. రానియ్యమంటంది."

"అవి అంటే?"

"ఏమో బీబమ్మా. గింతే అంటంది."

ఎండ మండిపోతున్న ఆ నడిమధ్యాహ్నం సుమయ్యకు చెమటలు చల్లబడ్డాయి. మనుషులైతే వాళ్ళు అనాలి. పశువులనీ, వస్తువులనీ కదా అవి అంటారు! మరి ఆ తలుపు అవతల ఉన్నవేమిటి?

సాయంత్రం హమీద్ వచ్చాడు. ఆమిల్ మెడలో కట్టమని తావీజు ఇచ్చి, వెనక తలుపు శుక్రవారం లోపల మేకులు కొట్టి మూసెయ్యమన్నాడట. ముత్తక్క సంగతి చెప్పగానే అతను మండిపడ్డాడు.

"ఇస్తరాకులమ్మే మనిషిని లోపలికి రానిస్తవా? మా అమ్మీకి కోయ మాటలొస్తయని బజార్ల చెప్పుకుంటే నా మొఖం ఏడ పెట్టుకోవాలె?"

"నీళ్ళిచ్చింది గామె. మనం ఇయ్యలే" అంది సుమయ్య.

మర్నాడు అతను దుకాణానికి వెళ్ళగానే పక్కింటి సీతారావమ్మను మంచం దగ్గర కూర్చోబెట్టి సంతలో ఉంటానని చెప్పిపోయిన ముత్తక్క కోసం సుమయ్య అక్కడికి వెళ్ళింది. ముత్తక్క కానుగ చెట్టు నీడలో ఆకులు కుడుతోంది. పక్కనే రెండు గంపలు ఉన్నాయి.

"ఒక్కదానివేనా?"

"లేదు, నా బిడ్డలు ఇద్దరున్నయ్. చాయ్ తాగనీకి పోయినయ్. ఇప్పుడే వత్తయ్."

సుమయ్య నవ్వబోయి ఆగిపోయింది. "బిడ్డలు వత్తయ్ అంటవేంది ముత్తక్కా? వత్తరు అనాలె కదా."

"నాకు మీ తెల్గు సక్కగ రాదమ్మా. మా మాటల గట్లనే అంటం. మగోళ్ళు వత్తే ఒక తీరు. ఆడోళ్ళు ఎందరొచ్చినా, మేకలొచ్చినా, ఇంకో తీరు. గదే నోట్లెకెల్లి ఊడిపడ్తది."

ఎదురుగా ఇద్దరు ఆడపిల్లలు నవ్వుకుంటూ నడిచి వస్తున్నారు. వాళ్ళను చూస్తూ సుమయ్య అత్తగారి మాటలు లోలోపల మళ్ళీ అనుకుంది. అవి వచ్చాయి. మూడున్నాయి. నిలబడ్డాయి. అంటే ముగ్గురు ఆడవాళ్ళు.

"నాతో రా ముత్తక్కా. ఎవరొచ్చిండ్రని నేనే అడగాలె. ఎట్లడగాలెనో నేర్పు."

దారంతా సుమయ్య ఆ వాక్యం వల్లించుకుంటూ నడిచింది. ఇంటికొచ్చి, మంచం అంచున కూర్చుని, అత్తగారి మొహంలోకి చూస్తూ అడిగింది. కంగారులో చివరి ముక్క తప్పిపోయింది. మగవాళ్ళకు వాడేది పడింది. ఇమాంబీ నొసలు ముడిపడింది. వంకరపోయిన నోటితోనే కష్టపడి ఆ మాట సరిచేసి పలికింది. సుమయ్యకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. లోపల ఉన్నది దయ్యం కాదు. తన అత్తగారే.

సరిచేసిన మాటతో మళ్ళీ అడిగింది. ఇమాంబీ చెప్పసాగింది. ముత్తక్క ఒక్కొక్క వాక్యమే తెలుగులోకి తెచ్చింది.

"వాళ్ళ గూడెంల అమ్మవారు పోసిందంట. నాయన సచ్చిపోయిండంట. తల్లి ముగ్గురు బిడ్డలను తోలుకొని అడివిల నడుసుకుంట వచ్చిందంట. సైకిలు మీద బట్టలమ్మే సాయబు ఒకాయన ఎరికంట. చిన్నదాని ఒంటి మీద ఇంకా పొక్కులు లేవు. దీన్నన్నా బతికించుండ్రని ఆయనింట్ల ఇడిసిపోయిందంట. ఈమెనే గా చిన్నది. కన్ని ఈమె పేరు."

సుమయ్య మంచానికి ఇంకా దగ్గరికి జరిగింది.

"నాలుగు దినాలకు తల్లీ అక్కలు సూడనీకి వచ్చినయంట. అప్పటికే వాటికి ఒళ్ళంతా పోసింది. గా ఇంటామెకు అంతకుముందే ఇద్దరు పిల్లలు గదే రోగంతోటి పోయిండ్రంట. బయంతోటి ఎనక తలుపు గడియేసింది. పలికితే అమ్మవారు నిన్ను కూడా ఎత్తుకపోతది, పలకకని ఈమె నోరు మూసిందంట. అవి పొద్దు వాలేదాక వాకిట్లనే నిలవడి కన్నీ, కన్నీ అని పిలిసినయంట. ఈమె మంచం కింద పండుకొని ఇన్నదంట. పలకలేదంట."

"తర్వాత?"

"తలుపు తీస్తే ఎవ్వరు లేరంట. గంతే. గా దినం సంది ఈ మాట ఎన్నడు మాట్లాడలేదంట."

గుమ్మంలో ఏదో కింద పడ్డ చప్పుడైంది. హమీద్ నిలబడి ఉన్నాడు. చేతిలో సుత్తి, కాళ్ళ దగ్గర మేకులు. ఎప్పుడు వచ్చాడో, ఎంత విన్నాడో తెలియదు.

"బయటికి పో" అన్నాడు ముత్తక్కతో. ఆమె లేవబోతే సుమయ్య చెయ్యి పట్టి ఆపింది.

"ఆమె పోదు. మీరే లోపలికి రండి."

"మా నానీ తలుపు తియ్యలేదంటవా? సావొస్తుంటే సూసుకుంట కూసుందంటవా?"

"నేనంటలే. నానీని తప్పు పడ్తలే. పిల్లను బతికించుకున్నది. కానీ అరవై నాలుగేండ్ల సంది అమ్మీ చెవుల గా పిలుపు ఆగలే. మీరింక మేకులు కొడితే గా పిలుపు ఇన్కుంటనే పోతది. మీకిష్టమేనా?"

హమీద్ ఆ తలుపు వైపు నడిచాడు. సుమయ్య అడ్డం నిలబడింది. పెళ్ళయ్యాక అతనికి ఎదురు నిలవడం అదే మొదటిసారి. తరవాత అతని చేతిలోని సుత్తి జారి కింద పడింది.

"నాకు తెల్సు" అన్నాడు. "చిన్నగున్నప్పుడు అమ్మీకి జరమొచ్చినప్పుడల్లా ఇసొంటి మాటలే కలవరించేది. బయమై నానీకి చెప్పిన. గా తర్వాత అమ్మీ జరంల కూడా నోట్ల కొంగు కుక్కుకునేది. నేను చెప్పకపోతే బాగుండు సుమయ్యా."

సుమయ్య గడియ తీసింది. తలుపు రెక్కలు తెరిచింది. అవతల తెల్లటి ఎండ, కదలని తుప్పలు, ఖాళీ వాకిలి. ముత్తక్కను అడిగి, ఆమె నేర్పినట్టే, ఈసారి చివరి ముక్క తప్పకుండా, ఆ ఖాళీ వాకిటికి చెప్పింది. లోపలికి రండి. కూర్చోండి.

గాలి లేదు. చెట్టు మీద ఆకు కూడా కదలడం లేదు. పరదా మాత్రం ఒకసారి లోపలికి వంగి, మెల్లగా మళ్ళీ నిటారుగా నిలిచింది. ఇమాంబీ చూపు గుమ్మం దాటి, నేల మీదుగా, ఎవరో నడిచి వస్తుంటే చూసినట్టు మంచం దాకా వచ్చి ఆగింది. బతికున్న ఎడమ పక్కతో జరిగి, మంచం మీద కొంత చోటు చేసింది. హమీద్ గోడకు ఆనుకుపోయాడు. ముత్తక్క చేతులు జోడించింది.

ఇమాంబీ పలికింది. ఒక్క చిన్న మాట. "ఇక్కడే ఉన్నానంటంది" అని గుసగుసగా చెప్పింది ముత్తక్క.

ఆపైన చాలాసేపు మాట్లాడింది ఇమాంబీ. మొదట పిల్ల గొంతు, పోను పోనూ ఆవిడ సొంత గొంతు, ముసలి గొంతు. మాట్లాడుతూనే ఎడమ చేత్తో, మంచం దగ్గరికి వచ్చిన సుమయ్య మణికట్టు దొరకబుచ్చుకుంది. ఆ పట్టు నొప్పి పుట్టేంత గట్టిగా ఉంది. చివర ఒక వాక్యం రెండుసార్లు అంది.

హమీద్ గోడ వదిలి ముందుకొచ్చాడు. "ఏమంటుంది? వాళ్ళతోటి పోతనంటుందా?"

"లేదు సాబ్." ముత్తక్క కళ్ళు తుడుచుకుంది. "మీరు పొండి, మేము ఈడనే ఉంటమంటంది."

"మనం అన్నదా, మేము అన్నదా? మంచిగ విన్నవా?"

"మా మాటల కూడా మీ తెల్గు లెక్కనే, గది వేరు, ఇది వేరు. మనం అనలేదు. మేము అనే అన్నది. వచ్చినయ్ గా లెక్కల లేవు. నువ్వున్నవు, నీ పెండ్లామున్నది."

హమీద్ తల్లి కాళ్ళ దగ్గర నేల మీద కూలబడి, చిన్నపిల్లవాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు. సుమయ్య కదలకుండా నిలబడింది. ఉర్దూలో మనం, మేము రెండింటికీ ఒకటే మాట, హమ్. హమ్ ఐసా నహీ కర్తే, హమ్ వైసా నహీ బోల్తే అని, ఇలా చెయ్యం, అలా మాట్లాడం అని, అత్తగారు ఇన్నేళ్ళుగా అంటూ వచ్చిన ఆ హమ్‌లో తనకు చోటుందో లేదో ఏనాడూ తెలియలేదు. అడగడానికి ధైర్యం చాలలేదు. ఇవాళ ఆవిడ, సుమయ్య ఎన్నడూ ఎరగని ఒక భాషలో, చచ్చిపోయినవాళ్ళ ఎదుట, తన చెయ్యి పట్టుకుని మరీ చెప్పింది.

సుమయ్య ఒంగి, ఆ ముడతల చేతి మీద నుదురు ఆనించి, ఎవరున్నారో ఎవరు లేరో చూసుకోకుండా ఏడ్చింది.