పరాయి చెయ్యి పడని బండి

పొద్దు గూకుతా ఉంది. పులివెందులలో మీటింగు ముగించుకొని పోలిరెడ్డి తెల్ల అంబాసిడర్ జమ్మలమడుగు దారి పట్టింది. స్టీరింగు ముందర ఓబయ్య.

ఓబయ్యంటే అట్లాంటిట్లాంటి డ్రైవరనుకున్నారా! ప్రొద్దుటూరు బజారులో ఎదుటి పార్టీవాళ్లు జీపులు అడ్డం పెడితే, వచ్చిన సందులోనే రివర్సు గేరులో ఊరు దాటించి రెడ్డిని ఇంటి ముందర దించిన మొనగాడు. వెనక సీట్లో రెడ్డి చేతిలోని టీ గ్లాసు తొణకలేదు. ఓబయ్య మీసం దువ్వితే హారన్ దానంతటదే మోగేదని చెప్పుకునేవాళ్లు. అది కొంచెం ఎక్కువే గానీ, మిగతాదంతా అచ్చమైన నిజం.

పోలిరెడ్డి లాంటి ఫ్యాక్షన్ పెద్దోళ్ల ఇళ్లలో ఒక కట్టుబాటుండేది. బండిని షెడ్డుకు పంపరు. షెడ్డులో ఇడిస్తే పగోళ్లు బాంబే కడతారో, బ్రేకు పైపే కోస్తారో! పోలిరెడ్డి బండి మీద పరాయి చెయ్యి పడడానికి లేదు. పొద్దున్నే ఓబయ్య ఒక అద్దం పట్టుకొని బండి కిందంతా చూసేవాడు. బాంబు కోసం చూసేవాడు. వెనక చక్రం లోపలివైపు తడి కనబడితే, బాంబు కాదు గదా అని లేచిపోయేవాడు. ఏళ్లు గడిచినా బ్రేకు ఆయిల్ మార్చిన పాపాన పోలేదు.

కొన్ని నెలల కింద ఆ తడిని ఇంకొకడు చూసినాడు. మెకానిక్ షరీఫ్. ప్రొద్దుటూరు పెట్రోలు బంకులో టైర్లకు గాలి పడతా, వంగి, వేలితో తుడిచి వాసన చూసినాడు.

"ఓబన్నా, బ్రేకాయిల్ కారుతాంది. వాషర్లు పోయినాయి. బండి ఈడ ఇడ్సు, ఒక్క పూటలో చేసిస్తా."

"నీకిడిస్తే రెడ్డి నన్నిడుస్తాడా?" అని నవ్వినాడు ఓబయ్య.

"బాంబు పెట్టేటోడు రోజూ రాడన్నా. బ్రేకు రోజూ తొక్కుతావు గదా!"

ఓబయ్య విన్లేదు. మరుసటి రోజే ఎర్రగుంట్ల దారిలో, రైలు గేటు కాడ, పెడల్ నేలకంటింది. బండి పోయి లారీ కిందికి దూరింది. ముందు సీట్లోని రెడ్డి తమ్ముడు అక్కడికక్కడే పోయినాడు. ఓబయ్యకు మోచెయ్యి గీరుకుంది.

పొరపాటు తనదని చెప్తే తల ఉండదు. అందుకే రెడ్డి కాళ్ల మీద పడి, "పైపు కోసినారప్పా. నిన్న బంకులో ఆ షరీఫే వంగి ఏందో చేసినాడు" అన్నాడు.

అంతే. షరీఫ్ మళ్లీ ఇల్లు చేరలేదు. ఆయన పెండ్లాం సైదాబీకి పెన్న ఇసుకలో చెప్పులు మాత్రం దొరికినాయి.

బండిని ఇంటి కాడే అతుకులేసినారు. షెడ్డు మొహం మాత్రం అప్పుడూ చూపించలేదు.

ఆ బండే ఇప్పుడు పోతా ఉంది. వెంట రావలసిన జీపు ముద్దనూరులో పంక్చరై నిలబడిపోయింది. "ఆగేదేం లేదు, పోనీ" అన్నాడు పోలిరెడ్డి. ఊరు దాటినారు. దారికిరువైపులా నల్లరాళ్ల గుట్టలు. ఎండంతా తాగిన రాళ్లు వేడి కక్కుతున్నాయి. ముందర కొండ ఎక్కుడు, ఆ తర్వాత పాము మెలికల దిగుడు.

మొదట వాసనొచ్చింది. బ్రేకాయిల్ వాసన. దాని వెనకే తడి ఇసుక వాసన.

తర్వాత చప్పుడు. టక్... టక్... పరుగెత్తే బండి కింద, స్పానరుతో తట్టినట్లు.

ఓబయ్య చెవులు రిక్కించినాడు. అప్పుడు కాళ్ల కింద రేకు అడుగు నుంచి, ఒక గుసగుస.

"తొక్కు..."

బ్రేకుల్లో గాలి తీసేటప్పుడు అనే మాట అది. ఒకడు సీట్లో కూర్చొని పెడల్ తొక్కి పట్టుకోవాల. ఇంకొకడు కింద పడుకొని చక్రం కాడ గాలి వదిలే చిన్న మరను, నిప్పిల్‌ను, వదులుచేసి, గాలీ ఆయిలూ పోనిచ్చి బిగించాల. ఓబయ్య కాలికి అలవాటైన మాట. కాలు తొక్కేసింది.

"పట్టుకో..."

"పట్టుకున్నా" అన్నాడు ఓబయ్య. తను అనాలనుకోలేదు. నోరు అనింది.

సర్రుమని ఆయిల్ కారిన చప్పుడు.

"ఇడ్సు... తొక్కు..."

తొక్కిన ప్రతిసారీ పెడల్ ఇంకొంచెం లోతుకు పోతాంది. కొండ కొసకు ఇంకెంతో దూరం లేదు.

"ఎవురితోరా మాట్లాడుతాండావు ఓబిగా?" వెనక నుంచి రెడ్డి.

"షరీఫ్... బండి కింద షరీఫుండాడప్పా!"

"తాగినావా?"

"చెప్పన్నా..." అనింది గుసగుస. కాళ్ల కింద రేకు మంచుముక్క మాదిరి చల్లబడింది. "చెప్పు... దిగుడొస్తాంది."

ఓబయ్యకు అర్థమైంది. నోరిప్పితే రెడ్డి చంపుతాడు. ఇప్పకపోతే లోయ.

"అప్పా! పైపు ఎవురూ కోయలా. వాషర్లు పోయినాయని ఆయప్ప ముందే చెప్పినాడు. నేనే చేయించలా. నా తల కోసం అబద్ధం చెప్పినా!"

పెడల్ గట్టిపడింది. కొండ కొసన, దిగుడు అంచున, బండి ఆగింది. ఇంజను కూడా ఆగింది.

ఓబయ్య తలుపు తోసుకొని రోడ్డు మీద పడినాడు. తుపాకీ చప్పుడు కోసం కళ్లు మూసుకున్నాడు. చప్పుడు రాలేదు. రెడ్డి నవ్వినాడు.

"తెలుసులేరా. పైపు నేను ఆ పొద్దే చూసినా. కోసినట్ల యాడుంది? ఎలక్షన్లు ముందరుండాయి. నా తమ్ముడు ఊరికే చచ్చినాడంటే ఓట్లు పడతాయా? జనానికి ఎవుడో ఒకడిని చూపించాల గదా."

అంటా దిగి, స్టీరింగు ముందర కూర్చున్నాడు. "నీ మొహం చూస్తే బండి నువ్వు తోలేట్లు లేవు. పక్కకెక్కు."

ఓబయ్య కదల్లేదు. బండి కింద చీకట్లో ఏదో వెల్లకిలా దొర్లింది.

"ఇప్పుడు... రెడ్డిని తొక్కమను."

రెడ్డి నవ్వు ఆగిపోయింది. ఆయన కుడికాలు లేచింది. దిగింది. లేచింది. దిగింది.

"ఏందిరా... ఏందిది... ఓబయ్యా! కాలు పట్టుకోరా!"

తర్వాత, రెడ్డి గొంతులోనే, మెత్తగా...

"పట్టుకున్నా."

బండి చప్పుడు లేకుండా కదిలింది. దిగుడులోకి పోయింది. అరుపు లేదు. శానాసేపటికి కింద నుంచి రేకు నలిగిన మోత.

తెల్లారి క్రేను తెచ్చి బండిని రోడ్డు మీదికి లాగినారు. బ్రేకాయిల్ డబ్బా మూత తీసి చూసి పోలీసు ఇన్‌స్పెక్టర్ నివ్వెరపోయినాడు. అంచు దాకా కొత్త ఆయిల్. వాషర్లన్నీ కొత్తవి. రెడ్డి కాలు పెడల్ మీద ఎంత బిగుసుకుందంటే, ఊరంత జనం పట్టి లాగినా ఊడిరాలేదు. నాలుగు చక్రాలూ బిగుసుకొనే ఉన్నాయి. రోడ్డు మీద చూస్తే టైరు ఈడ్చిన గీత ఒక్కటి లేదు. తిరగని చక్రాలతో బండి లోయ దాకా ఎట్ల పోయింది?

"ఇంత బాగా సర్వీసింగు యాడ చేయించినార్రా?" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

ఓబయ్య మాత్రం వెనక చక్రం కేసి చూస్తా ఉన్నాడు. ఆడ నిప్పిల్ ఒకటి, ఎవురూ ముట్టుకోకుండానే, మెల్లగా... మెల్లగా... వదులవుతా ఉంది.

ఉత్త నేల మీద నిలబడిన ఓబయ్య కుడికాలు పైకి లేచింది.