డొల్లలో మరో జన్యువు

తలుపు మీద గుద్దిన చప్పుడు బయట ఎవరికీ వినబడలేదు. ద్రవ నైట్రోజన్ గది తలుపు అంత మందం. పిడికిలి చర్మం ఊడిపోయేదాకా కొట్టాడు శాస్త్రవేత్త. గాలిలో ఆక్సిజన్ తగ్గగానే మోగాల్సిన అలారం మోగలేదు. దాని తీగెను ఎవరో శుభ్రంగా కత్తిరించారు. తెల్లటి పొగ మోకాళ్ళు దాటింది, నడుము దాటింది. సహాయకురాలు టీ తాగి వచ్చి తలుపు తీసేసరికి ఆయన ఫ్రీజర్‌కి ఆనుకుని కూర్చుని ఉన్నాడు. కళ్ళద్దాల మీద మంచు పేరుకుంది. ఫ్రీజర్‌లో ఉండాల్సిన కణాల సీసాలు లేవు.

"ప్రమాదమని పేపర్లో వేయించాం," అన్నాడు చీఫ్. "హత్య అని నీకు చెబుతున్నాను."

ఎదురుగా కూర్చున్నవాణ్ణి డిపార్ట్‌మెంట్‌లో అందరూ మేస్త్రి అంటారు. ఎప్పుడో ఒక రాయబార కార్యాలయం గోడల్లో మైకులు పెట్టడానికి ఏడాదిపాటు తాపీ పట్టాడు. ఆ పని అయిపోయినా పేరు మాత్రం అతుక్కుపోయింది.

"ఆ సీసాల్లో ఏముంది సార్?"

"వైరస్‌ని తయారుచేసే కణాలు. వైరస్‌లో జబ్బు చేసే భాగం తీసేసి దాన్ని బండిలా వాడుకుంటారు. కండరాలు కరిగిపోయే జబ్బున్న పిల్లల ఒంట్లోకి మంచి జన్యువుని మోసుకెళ్ళే బండి. వెక్టర్ అంటారు. ఇన్నాళ్ళూ ఇబ్బందేమిటంటే, పది పల్లకీలు బయల్దేరితే తొమ్మిదింట్లో పెళ్ళికూతురు ఉండేది కాదు. అన్నీ ఖాళీ డొల్లలే. ఒక్క బిడ్డకి సరిపడా మందు తీయడానికి ఫ్యాక్టరీ అంతా నెలల తరబడి చాకిరీ చేసేది."

"ఈయనేం చేశాడు?"

"కణంలో డొల్ల తయారయ్యే వేళని కాస్త వెనక్కి జరిపాడు. సరుకు, అంటే జన్యువు, ముందు సిద్ధమవుతుంది, డొల్ల తర్వాత పుడుతుంది. దాంతో నిండుగా బయటికొస్తుంది. వినడానికి ఇంతే. కనిపెట్టేసరికి పాపం ఆయన జుట్టంతా ఊడింది. ఇప్పుడు ఒక్క ట్యాంకుతో వార్డుకి వార్డే బతుకుతుంది."

"కణాలు ఎత్తుకెళ్ళినవాళ్ళు మనిషిని చంపడమెందుకు?"

"మళ్ళీ చేయగలవాడు ఆయనొక్కడే కనక. ఇది పొరుగు దేశపు ముఠా పని. అంతటితో ఆగదు. రేపు ఆసుపత్రిలో మొదటి బిడ్డకి మందు ఎక్కిస్తున్నారు. ఆ డోసులో మంచి జన్యువుకి బదులు చంపే జన్యువు పెడతారని కబురు. బిడ్డ పోతే ఈ పద్ధతిని మనమే పాతిపెడతాం. వాళ్ళు అదే సరుకుని కొత్త పేరుతో అమ్ముకుంటారు."

"ఆపించండి."

"ఉత్త కబురు పట్టుకుని ఆపిస్తే డాక్టర్లు ఊరుకోరు. ఆ పిల్లకి ఊపిరి కండరాలు కూడా జారిపోతున్నాయి. ఆలస్యమైతే ఇక మందుతో పనే ఉండదు."

చీఫ్ అగ్గిపెట్టెంత పెట్టె ఒకటి ముందుకు తోశాడు. "పాకెట్ సీక్వెన్సర్. చుక్క వేస్తే లోపల ఏ జన్యువుందో చదివి చెబుతుంది. కాకపోతే దానికి తీరిక ఎక్కువ. ఇక, మందు తయారయ్యే ఫ్యాక్టరీలో మన మనిషి ఉంది. పాలపిట్ట. ముఠా ఆమెని తన మనిషే అనుకుంటోంది."

"మనమేమనుకుంటున్నాం?"

"ఆమె తమ్ముడు వాళ్ళ చెరలో ఉన్నాడు. నువ్వే వెళ్ళి చూసి చెప్పు."

ఫిల్టర్ల మెకానిక్ వేషంలో మేస్త్రి ఫ్యాక్టరీలో అడుగుపెట్టాడు. శుద్ధి విభాగం గాజు గోడ అవతల పొడవాటి స్టీలు గొట్టాలు. వాటి మధ్య నడిచి వస్తోంది పాలపిట్ట, ఆ విభాగానికి ఆమే అధికారి. బయటికొచ్చి తెల్ల సూట్ విప్పి నీలం కోటు తొడుక్కునేసరికి కారిడార్‌లో తలలన్నీ ఇటు తిరిగాయి.

"ఈ ఫిల్టరు ఎన్నాళ్ళు ఆగుతుంది?" అంది కోడ్ ప్రకారం.

"నీళ్ళు మంచివైతే ఆగుతుందండీ," అన్నాడతను, స్పానర్ తిప్పుతూ.

ఆమె గొంతు తగ్గించింది. "డోసులు నా చేతుల మీదుగానే నిండాయి. స్వచ్ఛమైనవి. మీ చీఫ్‌ని హాయిగా పడుకోమనండి."

"మీ తమ్ముడు ఇంకా వాళ్ళ దగ్గరే ఉన్నాడా?"

పెదవుల మీద నవ్వు అలాగే ఉంది, కళ్ళలోంచి మాత్రం పోయింది. "అప్పుడప్పుడు ఫోన్‌లో గొంతు వినిపిస్తారు. వాడు ఇంటికొచ్చేదాకా నేనెవరి మనిషినో నాకే తెలీదు."

తమ్ముడి గురించి చెప్పింది నిజం, డోసుల మాట అబద్ధం కావచ్చు. అలా అనుకున్నాడు మేస్త్రి.

మర్నాడు ఉదయం అతను ఆసుపత్రి ఫార్మసీలో టెక్నీషియన్. గడ్డకట్టిన డోసు కరుగుతుంటే చుక్క తీసి సీక్వెన్సర్‌లో వేశాడు. పెట్టె నింపాదిగా చదవడం మొదలుపెట్టింది. ఇంతలో చెవిలోని రిసీవర్‌లో చీఫ్ గొంతు వినిపించింది.

"పాలపిట్ట తమ్ముడి శవం నదిలో దొరికింది. ఫోటో పంపుతున్నాను. ఆమెకి మాత్రం చెప్పొద్దు. ఆశ ఉన్నంతవరకే మనకి పనికొస్తుంది."

మేస్త్రి ఫోటో తెరిచాడు. ఫోటోలోని కుర్రాడికి అక్క ముఖమే వచ్చింది.

పెట్టె ఇంకా చదువుతుండగానే మేస్త్రి డోసుతో పాటు వార్డుకి వచ్చాడు. పిల్ల మంచం మీద పడుకుని ఉంది. తల్లి ఆమె జుట్టు దువ్వుతోంది.

"నొప్పెడుతుందా అమ్మా?"

"చీమ కుట్టినట్టుంటుంది, అంతే. నువ్వు లేచి పరిగెడితే నిన్ను పట్టుకోలేక చచ్చేది నేనే."

కంపెనీ ప్రతినిధిగా పాలపిట్ట గోడ వారగా నిలబడింది. డాక్టర్ తలూపాడు. నర్సు సంచి తగిలించి గొట్టాన్ని బిగించిన క్లాంప్ వదిలింది. మందు సన్నటి గొట్టంలో కిందికి జారింది.

మేస్త్రి జేబులో పెట్టె వణికింది. తీసి చూశాడు. ఎర్ర దీపం.

ఒక్క గెంతులో మంచం దగ్గరికి వెళ్ళి గొట్టాన్ని మడిచి పట్టుకున్నాడు. మందు పిల్ల చేతికి బెత్తెడు దూరంలో ఆగింది.

"ఎవడ్రా నువ్వు?" అరిచాడు డాక్టర్.

"వదిలేయండి, మేస్త్రీ."

పాలపిట్ట చేతిలో లిప్‌స్టిక్ గొట్టం ఉంది. దాని కొసన ఎరుపు లేదు, చిన్న నల్లటి రంధ్రం ఉంది. తల్లి పిల్ల మీదికి వంగిపోయింది.

"అది లోపలికి వెళ్తేనే నా తమ్ముడు బయటికొస్తాడు. దయచేసి వదలండి."

మందు గొట్టం పట్టుకున్న మేస్త్రి వేళ్ళు జారుతున్నాయి. చీఫ్ ఆజ్ఞ గుర్తుంది. అయినా చెప్పాడు.

"చూడమ్మా, వాడిక రాడు."

"అబద్ధం."

రెండో చేత్తో ఫోన్ ఆమె వైపు తిప్పాడు. ఆమె చూసింది. చాలాసేపు చూసింది. ఏడవలేదు. చెయ్యి దానంతటదే కిందికి వాలిపోయింది.

"నిన్న రాత్రి కూడా వాడి గొంతు వినిపించారు," అంది మెల్లగా. "ఎప్పుడో రికార్డు చేసిందన్నమాట."

నర్సు సూది తీసేసింది.

"అసలు డోసులు ఎక్కడ?" అన్నాడు మేస్త్రి.

"వెనక గేటు దగ్గర అంబులెన్స్‌లో. కణాలూ అక్కడే. ఆ డ్రైవరే శాస్త్రవేత్తని చంపాడు. ఆ గది తాళం నేనిచ్చాను."

అనేసి పరుగెత్తింది. విషపు సంచిని డాక్టర్ చేతిలో పెట్టి, పిల్లకి ఏమీ కాలేదని నిర్ధారించుకుని మేస్త్రి వెంటపడ్డాడు. మెట్లు దిగుతుండగానే రెండు చప్పుళ్ళు వినిపించాయి. ఒకటి చిన్నది, ఒకటి పెద్దది.

అంబులెన్స్ పక్కన డ్రైవర్ బోర్లా పడి ఉన్నాడు. పాలపిట్ట వెనక మెట్టు మీద కూర్చుని ఉంది. ఒళ్ళో స్టీలు డబ్బా. నీలం కోటు ఒక పక్కంతా నల్లగా తడిసిపోయింది. మేస్త్రి డబ్బా మీద చెయ్యి వేయగానే ఆమె కళ్ళు తెరిచింది.

"మూత తీయకండి. చల్లదనం పోతే పాడైపోతాయి."

మళ్ళీ మాట్లాడలేదు.

ఈసారి పెట్టె ఎంత తీరిగ్గా చదివినా ఎవరూ విసుక్కోలేదు. పచ్చ దీపం వెలిగాక డాక్టర్ తన చేత్తోనే క్లాంప్ వదిలాడు. తల్లి పిల్ల చెయ్యి పట్టుకుని గొట్టంలో ప్రతి చుక్కనీ చూస్తూ కూర్చుంది.

సాయంత్రం చీఫ్ గదిలో మేస్త్రి నిలబడే ఉన్నాడు.

"ఆజ్ఞ మీరావు. పని సాధించావు. ఒకదానికొకటి చెల్లు," అన్నాడు చీఫ్. "పాలపిట్ట పేరుతో మన దగ్గర ఎవరూ పనిచేయలేదు. లేని మనిషికి అంత్యక్రియలు జరిపించలేం."

"నేను చూసుకుంటాను సార్. రేపు సెలవు కావాలి."

"ఆవిడ నీకేమవుతుంది?"

"ఏమీ కాదు. ఏమైనా అయ్యేవాళ్ళు ఆవిడకి ఎవరూ మిగల్లేదు."

చీఫ్ కలం మూత తీశాడు. "కారణం ఏమని రాయమంటావు?"

"జలుబని రాయండి," అన్నాడు మేస్త్రి తలుపు దగ్గరికి నడుస్తూ. "వైరస్‌లతో పనిచేసొచ్చినవాణ్ణి, ఎవరైనా నమ్ముతారు."