కిటికీ చెప్పిన మంచి రోజు

తెర మీద డెబ్బై ఒకటి అన్న అంకె వెలిగింది. చలపతి కాసేపు దానికేసి చూసి, తల అడ్డంగా ఊపి, మర్నాటి టిక్కెట్లు రద్దు చేసేశాడు.

వెనక కుర్చీలో కూర్చున్న అక్క కాత్యాయని అది గమనించింది. ఒళ్లో ఉన్న ఊలు శాలువా మడత పెట్టింది, విప్పింది, మళ్లీ మడత పెట్టింది.

"మళ్లీనా?"

"డెబ్బై ఒకటే అక్కా. రెండో లోయ దగ్గర మబ్బు పట్టేస్తుంది. నవంబర్‌లో ఎనభై నాలుగు చూపిస్తోంది. ఇంకెంత, నెలే కదా!"

"మా రోజుల్లో డెబ్బై ఒకటంటే ఫస్ట్ క్లాసురా."

చలపతి నవ్వాడు. కాత్యాయని నవ్వలేదు.

ఆ యంత్రం పేరు కిటికీ. తార్నాకలోని ఒక కంపెనీ ప్రయోగశాలలో చలపతి దాన్ని తయారు చేశాడు. అది చేసే పని చెప్పుకోవడానికి చిన్నదే. సికింద్రాబాదులో బయల్దేరి, వింధ్య కనుమలు దాటి, హిమాలయాల లోయల్లోంచి మెలికలు తిరుగుతూ హిమ్‌ద్వార్ అనే చివరి స్టేషన్ దాకా వెళ్లే గిరివాహిని అనే రైలుంది. ఆ రైల్లో ఫలానా రోజున, ఫలానా సీటులో కూర్చుంటే కిటికీలోంచి ఏమేం కనిపిస్తాయో ఈ యంత్రం ముందే చెబుతుంది. శాటిలైట్లు పంపే మబ్బుల ఫొటోలు, కొండల మీది వాతావరణ కేంద్రాల లెక్కలు, ఇంజను ముందూ కొండల మీదా ఉన్న కెమెరాలు చూసిన దృశ్యాలు అన్నీ దానికి అందుతాయి. ఎండ ఏ వైపు నుంచి పడుతుంది, జలపాతంలో నీరెంత ఉంటుంది, ఏ మలుపులో ఏ పూలు పూస్తాయి, కిటికీ అద్దానికి దుమ్మెంత పడుతుంది, ఇవన్నీ కలిపి నూటికి ఇన్ని మార్కులని వేస్తుంది. ఏడాది ముందే అడిగినా లెక్క పెద్దగా తప్పదు.

కాత్యాయని ఉద్యోగమంతా పటాలు గీసే ఆఫీసులో గడిచింది. ఆవిడ గీసినవి కొండల పటాలు. సముద్రమట్టం నుంచి ఒకే ఎత్తులో ఉన్న చోట్లన్నిటినీ కలుపుతూ గీసే గీతల్ని కాంటూర్లు అంటారు. గీతలు దూరదూరంగా ఉంటే నేల మెల్లగా ఎక్కుతోందని అర్థం. ఒత్తుగా ఉంటే నిటారుగా లేచిందని. హిమాలయాల్లో సగం లోయలు ఆవిడ చేతి మీదుగా వెళ్లినవే. కానీ ఒక్క కొండనీ కంటితో చూడలేదు. రిటైరయ్యాక చూద్దామనుకుంది. ఇంతలో కళ్లు మొరాయించాయి.

"చూపు అంచుల దగ్గర్నుంచి లోపలికి ముడుచుకుంటూ వస్తోందమ్మా" అన్నాడు డాక్టర్. "మధ్యలో మాత్రం చివరిదాకా కొంచెం నిలుస్తుంది. ఎంత కాలం అని అడక్కండి. నాకూ తెలీదు."

ఆ రోజు ఆస్పత్రి మెట్ల మీదే చలపతి నిర్ణయించుకున్నాడు. అక్కకి ఒక్క ప్రయాణమే దక్కేటట్టయితే అది అన్నిటికన్నా మంచి రోజున జరగాలి. మబ్బు తునక కూడా అడ్డు రాకూడదు. కిటికీ మీద అతను రాత్రింబగళ్లు పని చేసింది అందుకే.

నవంబర్ వచ్చింది. ఎనభై నాలుగు మార్కుల రోజు దగ్గర పడింది. పెట్టె సర్దుకున్నారు. బయల్దేరే ముందు చలపతి ఊరికే చూద్దామని కిటికీని మరోసారి అడిగాడు. ఫిబ్రవరిలో తొంభై ఒకటి కనిపించింది. అతని చెయ్యి ఆగలేదు, టిక్కెట్లు మళ్లీ రద్దు చేసేశాడు.

"శిఖరాల మీద కొత్త మంచు ఉంటుందక్కా. పైగా ఆకాశం అద్దంలా ఉంటుంది."

"నా కళ్లకి ఫిబ్రవరి సంగతి తెలుసా?"

"డాక్టర్ తొందరేం లేదన్నాడుగా."

"తెలీదన్నాడు. తొందర లేదనలేదు."

చలపతి తెర వైపు తిరిగాడు.

ఈలోగా కంపెనీ అధిపతి ఫణీంద్ర కిటికీని అందరి ఫోన్లలోకీ తెచ్చేశాడు. జనం వెర్రెత్తిపోయారు. ఇళ్లలో, ఆఫీసుల్లో, బస్సుల్లో అదే మాట. మీకెంత వచ్చింది? మాకు డెబ్బై ఆరు. అయ్యో, మార్చి దాకా ఆగండి, మా బావమరిదికి ఎనభై తొమ్మిది వచ్చింది. టిక్కెట్లు కొనేవాళ్లు, రద్దు చేసేవాళ్లు, మళ్లీ కొనేవాళ్లు. రైలెక్కినవాళ్లకీ కుదురు లేదు. కళ్లముందు నర్మద పారుతుంటే తల వంచుకుని ఫోన్లో వచ్చే వారం మార్కులు చూసుకునేవారు. ఆరు మార్కులు ఎక్కువ కనబడితే చాలు, పిల్లల్నీ పెట్టెల్నీ లాక్కుని ఏదో ఒక స్టేషన్లో దిగిపోయి వెనక్కి తిరిగేవారు. రోజూ నడిచే గిరివాహిని వారానికి ఒకసారి నడవసాగింది. అప్పటికీ సీట్లు నిండలేదు.

ఫిబ్రవరి వచ్చేసరికి కిటికీ ఏప్రిల్‌లో తొంభై ఏడు చూపించింది. తొంభై ఏడు అదివరకు ఎవరికీ రాలేదు. చలపతి ఎగిరి గంతేశాడు. ఇంటికెళ్లి చెబుదామని తలుపు తీసేసరికి కాత్యాయని భోజనం బల్ల దగ్గరుంది. గరిటెతో సాంబారు వడ్డించుకుంటోంది. సాంబారు కంచం పక్కనే, బల్ల మీద పడుతోంది. ఆవిడ గరిటెని మళ్లీ గిన్నెలో ముంచింది. మళ్లీ అక్కడే పోసింది.

చలపతి గబగబా వెళ్లి చెయ్యి పట్టుకున్నాడు. అక్క చెయ్యి విడిపించుకుంది.

"ఎల్లుండి బండి ఉంది. వెళ్తున్నాను" అంది.

"ఎల్లుండా? అక్కడ వాన. ముప్పై ఎనిమిదక్కా! ఏప్రిల్ దాకా ఓపిక పట్టు, తొంభై ఏడు..."

"నీ మార్కులు నువ్వే ఉంచుకో. నువ్వొస్తే ఇద్దరం వెళ్దాం. రాకపోతే ఒక్కదాన్నే తడుముకుంటూ వెళ్తాను."

ఆవిడ గొంతులో కోపం కన్నా భయమే ఎక్కువగా వినిపించింది. చలపతి ఫోన్ తీసి రెండు టిక్కెట్లు కొన్నాడు.

రైలు పెట్టెలో వాళ్లిద్దరూ కాక ముసలి దంపతులూ, టీటీఈ మాత్రమే ఉన్నారు. వింధ్య కనుమల్లోనే వాన అందుకుంది. హిమాలయాల లోయల్లోకి వచ్చేసరికి బయట పొగమంచు తప్ప మరేం లేదు. చలపతి కూర్చోలేక లేచి అటూ ఇటూ తిరిగాడు. ఫోన్ తీసి చూశాడు, జేబులో పెట్టాడు, మళ్లీ తీశాడు.

"ఏప్రిల్లో అయితే ఈ మలుపులో కొండంతా ఎర్రటి పూలు. ఆ వంతెన మీంచి ఏడు శిఖరాలు వరసగా..."

"చలపతీ, కాస్త నోరు మూసుకో."

కాత్యాయని నుదురు అద్దానికి ఆనించి కూర్చుంది. పొద్దుటినుంచీ అలాగే ఉంది. రైలు రెండో లోయలోకి వంగుతుంటే ఒక్కసారి ముందుకు వంగి కిటికీ చట్రం గట్టిగా పట్టుకుంది.

"అదిగో!"

పొగమంచులో ఒకచోట సన్నని చీలిక పడింది. ఆ చీలికలో నల్లటి రాతిగోడ ఒకటి, అడుగు ఎక్కడో పైకొన ఎక్కడో తెలియకుండా నిలబడి ఉంది. దాని మీదుగా తెల్లటి నీటిధార.

"ఇక్కడ గీతల్ని ఒకదానిమీదొకటి పడేటట్టు గీశానురా" అంది కాత్యాయని. "మా ఆఫీసర్ తప్పన్నాడు. ఇంత నిటారుగా ఏ కొండా ఉండదన్నాడు. చెరిపి మళ్లీ గియ్యమన్నాడు. నేను చెరపలేదు. చూడు, నిజంగానే ఉంది. చూడరా!"

చలపతి ఫోన్ మీంచి తలెత్తేసరికి చీలిక మూసుకుపోయింది.

"ఎంత మేర కనిపించిందక్కా?" అని అడిగాడు సిగ్గుపడుతూ.

ఆవిడ బొటనవేలూ చూపుడువేలూ కలిపి చిన్న సున్నా చుట్టి చూపించింది. "ఇంత. ఇప్పుడు నాకు ఏదైనా ఇంతే. నీ మొహం కూడా."

చలపతి తన వేళ్లతో అంతే సున్నా చుట్టి కంటికి పెట్టుకున్నాడు. పెట్టె, సీట్లు, అక్క భుజాలు అన్నీ మాయమయ్యాయి. ఆవిడ ముక్కూ ఒక కన్నూ మాత్రమే మిగిలాయి. ఏడు శిఖరాల వరస ఇందులో ఎలా పడుతుంది? ప్రయోగశాలలో కిటికీకి నమూనాగా ఇచ్చినవి తన కళ్లే. మబ్బుల్ని కొలిచాడు, మంచుని కొలిచాడు, పూలని లెక్కపెట్టాడు. చూసే మనిషిని మాత్రం కొలవలేదు.

తిరిగొచ్చాక అతను మొదట చేసిన పని అక్క కంటిపరీక్షల ఫలితాలన్నీ యంత్రానికి ఎక్కించడం. మార్కులు మళ్లీ వేయించాడు. నవంబరు ఎనభై నాలుగు యాభైకి దిగింది. ఫిబ్రవరి తొంభై ఒకటి ముప్పై మూడయింది. రాబోయే ఏప్రిల్ తొంభై ఏడు పందొమ్మిదయింది. అన్నిటికన్నా పైన నిలిచింది ఆ డెబ్బై ఒకటికన్నా ముందే, మొట్టమొదట అతను రద్దు చేసిన రోజు.

సాయంత్రం కాత్యాయని అడిగింది. "ఏమంటోంది నీ కిటికీ?"

చలపతి చెప్పాడు. ఏదీ దాచలేదు.

"నా మంచికే చేశావని నాకు తెలుసు" అంది ఆవిడ. "అందుకే నిన్ను తిట్టడానికి కూడా లేకుండా పోయింది. ఇక నా దగ్గర ఏడవకు. నీలాంటివాళ్లు ఊళ్లో ఇంకా ఉన్నారుగా, వాళ్ల సంగతి చూడు."

చలపతి యంత్రాన్ని సరిచేశాడు. చూసేవాళ్ల కళ్లు, మోకాళ్లు, ఊపిరి, వెంట వచ్చేవాళ్ల వయసు, పిల్లలు అమ్మానాన్నలతో రావడానికి ఇష్టపడే ఏళ్లు, సెలవు దొరికే అవకాశం, అన్నీ లెక్కలో కలిపాడు. మర్నాటినుంచి కిటికీ ఎవరడిగినా దాదాపు ఒకటే చెప్పసాగింది. మీకు మంచి రోజు, తర్వాతి బండి.

వారం తిరక్కుండా ప్రయోగశాల ముందు జనం పోగయ్యారు.

"తర్వాతి బండికే ఎలా వెళ్తామండీ, ఇంట్లో పనులుండవా?" అంది ఒకావిడ.

"ఇదివరకు నాకు వచ్చే డిసెంబర్ అని చెప్పేది. ఎంత హాయిగా ఉండేది! ఇప్పుడు తెరిస్తే చాలు, భయమేస్తోంది" అన్నాడు ఒక బ్యాంకు ఉద్యోగి. "మీ మెషీన్ పాడైంది. పాతదే ఇచ్చేయండి."

ఫణీంద్ర చలపతిని పిలిపించాడు. "లెక్క తప్పా?" అని అడిగాడు.

"తప్పు లేదు సార్. ఇప్పుడే సరిగ్గా ఉంది."

"సరిగ్గా ఉంటే ఎవరిక్కావాలి? రోజుకి పదిసార్లు తెరిచేవాళ్లు ఇప్పుడు ఒక్కసారి తెరిచి మూసేస్తున్నారు."

పాత లెక్క తిరిగొచ్చింది. చలపతి ఉద్యోగం మానేశాడు.

ఎండాకాలం చివర్లో, ప్రయాణికులు లేరని గిరివాహినిని నిలిపేస్తున్నట్టు ప్రకటన వచ్చింది. ఆఖరి బండి వెళ్లే రోజుకి కిటికీ నలభై నాలుగు వేసింది. ఉన్న కొద్దిమందీ టిక్కెట్లు వెనక్కి ఇచ్చేశారు. ఖాళీ పెట్టెలో కాత్యాయని తమ్ముడి మోచెయ్యి పట్టుకుని కూర్చుంది. ఈసారి కిటికీ పక్కన చలపతి కూర్చున్నాడు. బయట ఏముందో చెబుతున్నాడు. మొదట్లో తడబడ్డాడు. "కొండ... పెద్ద కొండ" అన్నాడు. "అలా కాదు, ఎక్కడ ఒత్తుగా ఉందో, ఎక్కడ పలచనో చెప్పు" అంది ఆవిడ, అరచేయి చాచి. చలపతి బయటికి చూస్తూ, ఆ అరచేతిలో వేలితో గీతలు గియ్యడం మొదలుపెట్టాడు.

కొద్ది వారాల్లోనే కిటికీ వాడేవాళ్ల సంఖ్య అంతకుముందెన్నడూ లేనంత పెరిగింది. రైళ్లు ఆగిపోవడంతో ఆ లోయల్లో అలికిడి తగ్గింది. జింకలు పట్టాల దాకా వచ్చి మేయసాగాయి. పట్టాల మధ్య అడవి పూలు మొలిచాయి. ఈ సంగతులన్నీ కొండల మీది కెమెరాలు యంత్రానికి పంపాయి. బండి లేదన్న సంగతి మాత్రం దానికెవరూ చెప్పలేదు. అది శ్రద్ధగా లెక్కవేసి, వచ్చే అక్టోబర్‌కి నూటికి తొంభై తొమ్మిది చూపించింది.

ఊరు ఊరంతా ఆ రోజుకి పేర్లు నమోదు చేసుకుంది.