వెలుతురు తగలకూడని పలక

సోలార్ రోడ్డు వేసిన ఇంజనీరు సైకిల్ మీంచి పడి చనిపోయాడని పేపర్లన్నీ రాశాయి. నిజానికి ఆయన చనిపోయాకే సైకిల్ మీంచి పడ్డాడు. మెడ వెనక సూది గుచ్చిన గుర్తు ఉంది. ఆ సంగతి పేపర్లకు తెలియదు, సీక్రెట్ సర్వీసుకు తెలుసు.

ఆ మధ్యాహ్నమే చిన్నబ్బాయి ఫోను మోగింది.

"అత్తయ్యకు మళ్ళీ ఒంట్లో బాగోలేదురా," అంది పెద్దమ్మ.

"ఎప్పుడు రమ్మంటారు?"

"ఇప్పుడే. మంచి బట్టలేం వేసుకోకు."

అంటే అసైన్‌మెంట్ వచ్చిందనీ, మారువేషం తప్పదనీ అర్థం. సర్వీసులో ఎవరికీ పేర్లుండవు, వరసలుంటాయి. దొంగచాటుగా ఫోను వినేవాడు ఇదేదో ఇంటి గొడవ అనుకుని విసుగుపుట్టి పెట్టేయాలని అలా ఏర్పాటు చేశారు. చీఫ్‌ను పెద్దమ్మ అంటారు. చిన్నబ్బాయికి యాభై దగ్గర పడుతున్నాయి. కుర్రాడిగా చేరినప్పుడు పెట్టిన వరస, తల నెరిసినా ఎవరూ మార్చలేదు. నా అన్నవాళ్ళెవరూ లేని మనిషికి ఇంతమంది ఉత్తుత్తి చుట్టాలను అంటగట్టడం ప్రభుత్వానికే చెల్లింది. డ్యూటీకి తప్ప ఆ ఫోను మోగి ఎన్నాళ్ళయిందో అతనికి గుర్తులేదు.

మూతపడిన లాండ్రీ వెనకగదిలో బ్రీఫింగ్. పెద్దమ్మ కళ్ళజోడు ముక్కు చివరికి దింపి మొదలుపెట్టింది.

"ఊరి బయట సైకిల్ ట్రాక్ చూశావుగా. సిమెంటుకు బదులు గాజు పలకలు. పైన సైకిళ్ళు పోతుంటాయి, కింద ఎండకు కరెంటు తయారవుతుంది. పెద్దాసుపత్రి మొత్తం దాని మీదే నడుస్తోంది. ఎల్లుండి చివరి భాగం ఓపెనింగ్. పొరుగు దేశం విద్యుత్ మంత్రి వస్తోంది. ఆవిడకు నచ్చితే వాళ్ళ రోడ్లన్నీ ఇలాగే వేస్తారు."

"ఎవరికి కడుపుమంట?"

"పెట్రోలు అమ్ముకునేవాళ్ళకి. ఒక విదేశీ ముఠాను దింపారు. లీడరు పలకలు సప్లై చేసే కంట్రాక్టరుగా తిరుగుతున్నాడు. ఇంజనీరుకు అనుమానం వచ్చింది, ప్రాణం తీశారు. ఇప్పుడు మంత్రి వంతు."

"లోపల మనవాళ్ళున్నారా?"

"వదిన ఉంది. కంట్రాక్టరు దగ్గర పీఆర్వో. మనకూ పనిచేస్తుంది, వాళ్ళకూ పనిచేస్తుంది."

"ఎవరికి ఎక్కువ?"

"అది తెలిస్తే నిన్నెందుకు పిలుస్తాను?"

వెళ్ళబోతుంటే పెద్దమ్మ ఒక చేతివాచీ తోసింది. టెక్నికల్ సెక్షన్ కొత్తగా ఇచ్చిన పరికరం. పక్క మీటతో ఫోటోలు తీస్తుంది. బ్యాటరీ లేదు, వెలుతురు పడితేనే నడుస్తుంది. చీకట్లో పనిచేసేవాడికి వెలుతురుతో నడిచే వాచీ. నవ్వాలో ఏడవాలో తెలియక చిన్నబ్బాయి దాన్ని చేతికి పెట్టుకున్నాడు.

మర్నాడు పొద్దున్నే రబ్బరు బూట్లు, ఆరెంజ్ కోటు, పొడుగాటి బ్రష్. పలకల మీద దుమ్ము పేరుకుంటే కరెంటు పడిపోతుంది కాబట్టి ట్రాక్ మీద తుడిచేవాడు పొద్దస్తమానం ఉండాల్సిందే. మనిషి మాయమైపోవాలంటే మంత్రాలు అక్కర్లేదు, చేతిలో చీపురు ఉంటే చాలు. భార్యాభర్తలు కబుర్లు చెప్పుకుంటూ పోతున్నారు, ఒక తల్లి పాపను వెనక కూర్చోబెట్టుకుని పోతోంది. బకెట్టును తప్పించుకున్నారే కానీ మనిషి వంక ఎవరూ చూడలేదు. ఇది తన పనికి మంచిదే. అయినా ఎక్కడో చివుక్కుమంది.

నడుముకున్న వాకీటాకీ గరగరలాడింది. "ఏంటి బాబాయ్, అక్కడే ఆగిపోయావు? కాళ్ళు నొప్పా?"

కంట్రోల్ రూమ్ ఆపరేటరు. అమ్మాయి గొంతు.

"నేను ఆగానని నీకెలా తెలుసమ్మా?"

"నీ నీడ పడ్డ పలకకి కరెంటు తగ్గుతుందిగా. ఇక్కడ స్క్రీన్ మీద నల్లగా కనిపిస్తావు. పొద్దుట్నుంచి నిన్నే చూస్తున్నా."

చిన్నబ్బాయి కాసేపు బ్రష్ కదపలేదు. సర్వీసు పెట్టని వరసతో తనను పిలిచినవాళ్ళు ఈ మధ్య కాలంలో ఈ పిల్ల ఒక్కతే. పైగా తనను పొద్దుట్నుంచి చూస్తోందట. ఆ సంగతి తలుచుకుంటూ ఆ రోజంతా హుషారుగా తుడిచాడు.

సాయంత్రం బకెట్టు నింపుకునే మిషతో కంట్రాక్టరు గోడౌన్‌లో దూరాడు. ఒక మూల విడిగా పెట్టిన పలక ఉంది. దాని అడుగున సీలు వేసిన డబ్బా, పలక నుంచి దానికి రెండు వైర్లు. టైమర్ లేదు, యాంటెనా లేదు, బ్యాటరీ లేదు. వాచీతో ఫోటో తీశాడు.

వెనక హైహీల్స్ చప్పుడైంది. నల్లకళ్ళద్దాలు, చేతిలో ఎర్ర గొడుగు, గదంతా సెంటు వాసన.

"అత్తయ్య కులాసాయేనా?" అందామె మెల్లగా.

"మంచం దిగలేదు," అన్నాడు. కోడ్ కలిసింది.

"ఆ పలక రేపు మంత్రి కాళ్ళ దగ్గరికే వెళ్తుంది. దేంతో పేలుతుందో నాకూ చెప్పలేదు." బయట అడుగులు వినిపించగానే బకెట్టును కాలితో తన్నింది. "కళ్ళు నెత్తికెక్కాయా? చీరంతా తడిపేశావు. పో ఇక్కణ్ణుంచి!"

తిట్టింది వదినో, కంట్రాక్టరు పీఆర్వోనో అతనికి అంతుపట్టలేదు.

పెద్దమ్మకు ఫోటో పంపితే ఫోనులో నిట్టూర్పు వినిపించింది. "పేలడానికి కరెంటు ఎక్కణ్ణుంచి వస్తుందిరా? టెక్నికల్ వాళ్ళు ఉత్త డబ్బా అంటున్నారు. మనల్ని బెదరగొట్టి ఓపెనింగ్ ఆపించడానికి వేసిన ఎత్తట. నేను ఎంత మొత్తుకున్నా వినలేదు. రిమోట్ పనిచేయకుండా జామర్లు మాత్రం పెట్టించాను. నువ్వు దగ్గరే ఉండు."

ఓపెనింగ్ రోజు ఎండ పెటపెటలాడుతోంది. చివరి భాగం మొత్తం మీద మందపాటి నల్లగుడ్డ కప్పారు. మంత్రి బటన్ నొక్కితే మోటారు ఆ గుడ్డను అవతలి చివరికి చుట్టేస్తుంది. బ్యాండు మోగుతోంది. బారికేడ్ పక్కన బ్రష్ పట్టుకుని చిన్నబ్బాయి టైమెంతైందా అని చెయ్యి ఎత్తాడు.

కోటు చేతి నీడలో వాచీ ఆగిపోయి ఉంది. పొద్దున కోటు తొడుక్కున్నప్పుడే ఆగినట్టుంది. విసుగ్గా కోటు చేతిని పైకి లాగాడు. ఎండ తగిలింది. సెకన్ల ముల్లు కదిలింది.

అతను వాచీ వంక చూశాడు, నల్లగుడ్డ వంక చూశాడు. ఆ డబ్బాకు బ్యాటరీ ఎందుకు? పలకే దాని బ్యాటరీ. ఇన్నాళ్ళూ దానికి ఎండ చూపించలేదు, అంతే.

ఫోను తీశాడు. సిగ్నల్ లేదు. వాకీటాకీ కూడా పలకలేదు. సర్వీసు పెట్టిన జామర్లు సర్వీసు నోరే నొక్కేశాయి. అరిచాడు. బ్యాండు హోరులో తుడిచేవాడి అరుపు ఎవరికి వినిపిస్తుంది? మంత్రి వేలు బటన్ మీద ఆనింది. చిన్నబ్బాయి బారికేడ్ దూకాడు.

గుడ్డ అంచు మంత్రి ముందున్న పలకను దాటుతుండగా, దానితోపాటే పాకుతూ ఆ పలక మీద బోర్లా పడ్డాడు. చేతులూ కోటూ బార్లా చాపి ఎండకు అడ్డం పెట్టాడు. గుడ్డ వెళ్ళిపోయింది. పేలలేదు.

"పిచ్చోడు! లాగేయండి!" కంట్రాక్టరు గొంతు. ఇద్దరు వాలంటీర్లు కాళ్ళు పట్టుకుని లాగారు. గడ్డం కింద గాజు మీద ఎండ చారలా పడింది, అది అరచేతి వెడల్పయింది. వేళ్ళకు పట్టు దొరకలేదు. మూసుకున్న కళ్ళ ముందు ఎవరి మొహమైనా కనిపిస్తుందేమోనని చూశాడు. ఎవరూ రాలేదు.

టప్‌మని ఏదో విచ్చుకుంది. ఎర్రటి నీడ ఎండ చారను మింగేసింది.

"వాణ్ణి వదలండి," అంది వదిన, గొడుగును పలకకు ఆనించి మోకాళ్ళ మీద కూర్చుంటూ. "బాంబు అతని కింద ఉంది. పెట్టినవాడు అదిగో, కారు వైపు పరిగెడుతున్నాడు."

ఆ మాటకు బ్యాండు ఆగింది. కంట్రాక్టరును కారు తలుపు దగ్గరే పట్టుకున్నారు. మంత్రిని తీసుకెళ్ళారు, జనం చెల్లాచెదురయ్యారు. కాసేపటికి అంత పొడుగు రోడ్డు మీద వాళ్ళిద్దరే మిగిలారు.

"ఇంతకీ నువ్వు ఎవరివైపు?" అన్నాడు చిన్నబ్బాయి, చెంప గాజుకు ఆనించే.

"నిన్నటిదాకా నాకే తెలియదు. కదలకు, గొడుగు చిన్నది."

బాంబ్ స్క్వాడ్ అతను టార్పాలిన్ కప్పుతూ, "సార్, ఇంట్లో ఎవరికైనా కబురు చెయ్యాలా?" అని అడిగాడు. చిన్నబ్బాయికి పెద్దమ్మ ఉంది, వదిన ఉంది, మంచం దిగని అత్తయ్య కూడా ఉంది. కబురు చేయడానికి మాత్రం ఒక్కరూ లేరు. "అందరికీ తెలుసులే," అన్నాడు.

వైర్లు కోసేసి అతన్ని లేవనెత్తేసరికి వదిన లేదు. గుట్టు బయటపడిన ఏజెంటుకు వరస రద్దవుతుంది, ఇంకో దేశంలో ఇంకో వరస. అది రూలు. గొడుగు మాత్రం రోడ్డు మీద ఉండిపోయింది. ఎవరూ అడగకముందే దాన్ని చంకలో పెట్టుకున్నాడు. జామర్లు ఆపేశాక వాకీటాకీలో "బాబాయ్, బాబాయ్, స్క్రీన్ మీద కనిపించట్లేదేంటి?" అని ఆపరేటరు గాబరాగా పిలుస్తోంది. జవాబివ్వడానికి వీల్లేదు. బాబాయి డ్యూటీ అయిపోయింది. స్విచ్ ఆపేశాడు. ఆ రోజు చేసిన పనులన్నిట్లో కష్టమైంది అదే.

గదికొచ్చి, గొడుగును కిటికీకి తగిలించి, ఎదురుగా కూర్చున్నాడు. ఫోను మోగింది.

"భోంచేశావా?" అంది పెద్దమ్మ.

చిన్నబ్బాయి నిటారుగా కూర్చున్నాడు. కోడ్‌బుక్ అతనికి కంఠతా వచ్చు. ఒంట్లో బాగోకపోతే అసైన్‌మెంట్, ప్రయాణమైతే పరారీ, కాన్పయితే అరెస్టు. భోజనం మాట ఎక్కడా తగల్లేదు.

"క్షమించండి. ఇది కొత్త కోడా? ఏ మిషన్?"

"కోడ్ కాదురా," అంది ఆవిడ. "తిన్నావా లేదా అని అడుగుతున్నాను."

ఇన్నేళ్ళ సర్వీసులో ఏ శత్రువూ అతన్ని ఇంత ఇరకాటంలో పెట్టలేదు.

"ఇంకా లేదు పెద్దమ్మా," అన్నాడు. ఆ తర్వాత ఏమనాలో ట్రైనింగులో నేర్పలేదు.